కనెక్టికట్‌లో మెషిన్ పని నేర్చుకోవాలనుకునే మనవాళ్లకు

హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల మనవాళ్లలో ఎక్కువమంది ఇన్సూరెన్స్ కంపెనీల కంప్యూటర్ ఉద్యోగాల మీద వచ్చినవారు. కొత్తగా దిగినవారికి మిడిల్‌టౌన్ సత్యనారాయణ స్వామి గుడిలో కలిసిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు పేరే చెబుతారు. నది దాటితే ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో విమాన ఇంజన్ల ప్రాట్ అండ్ విట్నీ ఉంది. కిందికి వెళితే గ్రోటన్‌లో జలాంతర్గాములు కడుతున్నారు. వాటికి లోహాన్ని కోసి విడిభాగాలు చేసిచ్చే చిన్న మెషిన్ షాపులు రాష్ట్రమంతటా ఉన్నాయి. ఆ పని నేర్పే కమ్యూనిటీ కాలేజీలు మనవాళ్ల కంట పడటం లేదన్నదే నా బాధ.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో పదకొండేళ్లు టర్నర్‌గా, అంటే లేత్ మెషిన్ మీద, పనిచేశాను. అన్నయ్య పెట్టిన పిటిషన్ మీద గ్రీన్ కార్డుతో వచ్చి, నలభై రెండో ఏట ఇక్కడి తరగతిలో కూర్చున్నాను. నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించినవి చెబుతాను.

మొదట మీ వీసా చూసుకోండి. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబ వీసా మీద, ఉన్నవారు చదువుకోవచ్చు. ఉద్యోగానికి మాత్రం ఈఏడీ అనే పని అనుమతి కార్డు కావాలి. భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం వస్తే, లేదా వారి హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉంటే దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎఫ్-2 మీద, అంటే విద్యార్థి భార్య లేదా భర్తగా, ఉన్నవారు పూర్తికాలం కోర్సులో చేరకూడదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఐటార్ అనే అమెరికా ఆయుధ ఎగుమతుల నిబంధన. రక్షణ రంగపు డ్రాయింగులను పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, శరణార్థులుగా గుర్తింపు పొందినవారికి తప్ప ఇతరులకు ప్రత్యేక అనుమతి లేకుండా చూపకూడదు. ఈఏడీ చేతిలో ఉన్నా అలాంటి షాపు మిమ్మల్ని తీసుకోవడం కష్టం. నాతో చదివిన ఒక చెల్లెమ్మకు ఈ సంగతి కోర్సు చివర్లో తెలిసింది. అంత బాగా పనిచేసే మనిషి, ఆ రోజు బల్ల మీద తల పెట్టుకొని కూర్చుండిపోయింది. తరువాత వైద్య పరికరాల విడిభాగాలు చేసే షాపులో కుదురుకుంది. కాబట్టి చేరే ముందే కాలేజీ సలహాదారును అడగండి: మీ విద్యార్థులను ఏ షాపులు తీసుకుంటున్నాయి, వాటిలో రక్షణ రంగపు పని లేనివి ఎన్ని?

ఫీజు రాష్ట్రంలో ఉండేవారికి ఒక రకం, బయటివారికి ఇంకో రకం. మీరు ఏ లెక్కలోకి వస్తారో రిజిస్ట్రార్ కార్యాలయంలోనే తేలాలి. గ్రీన్ కార్డు ఉన్నవారు ఫాఫ్సా, అంటే కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సహాయపు దరఖాస్తు, నింపవచ్చు. హెచ్-4 వారికి ఆ సహాయం లేదు.

ఇక అసలు పని. మన ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చదివి వచ్చినవారికి పెద్ద చిక్కు డ్రాయింగు దగ్గరే వస్తుంది. మనం నేర్చుకున్నది ఫస్ట్ యాంగిల్. ఇక్కడ వాడేది థర్డ్ యాంగిల్. ఒకే వస్తువును వేర్వేరు వైపులనుంచి చూసిన బొమ్మలను కాగితం మీద అమర్చే పద్ధతులివి. అక్కడ పైనుంచి చూసిన బొమ్మ, ఎదుటినుంచి చూసిన బొమ్మకు కింద ఉంటుంది, ఇక్కడ పైన ఉంటుంది. కుడి పక్కనుంచి చూసిన బొమ్మను మనం ఎడమన గీస్తాం, వీళ్లు కుడినే గీస్తారు. రెండో వారంలో నాకు ఒక అల్యూమినియం దిమ్మ ఇచ్చారు, పక్క ముఖం మీద రెండు రంధ్రాలు వేయాలి. కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి, రంధ్రాలు మాత్రం ఎడమ ముఖం మీద పడ్డాయి. మాస్టారు ఏమీ అనలేదు. డ్రాయింగు మూలన ఉన్న చిన్న గుర్తు మీద వేలు పెట్టారు, మొన తెగిన శంకువు, పక్కనే రెండు వృత్తాలు. పదకొండేళ్ల అనుభవం ఉందని ఆ మూలకు నేను చూపే తిప్పలేదు. ఆ రోజు నుంచి డ్రాయింగు చేతికి రాగానే ముందు అక్కడే చూస్తాను.

రెండో చిక్కు అంగుళాలు. ఇక్కడ షాపులో మాట్లాడేది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, దాన్ని ‘థౌ’ అంటారు. ఒక థౌ అంటే 0.0254 మిల్లీమీటర్లు. ‘టెన్త్’ అన్నారంటే అంగుళంలో పదో వంతు అనుకోకండి, అది పదివేలో వంతు. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషిన్) ప్రోగ్రాములో జీ20 అంటే అంగుళాలు, జీ21 అంటే మిల్లీమీటర్లు. ఇది తారుమారైతే టూలు 25.4 రెట్లు తప్పు దూరం వెళుతుంది. స్టార్ట్ నొక్కే ముందు ఆ వరుసను వేలితో చూపిస్తూ చదవండి.

కొలిచేటప్పుడు వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొలతలకు ప్రమాణంగా పెట్టుకున్నది 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 20 సెల్సియస్. మెషిన్ మీదనుంచి అప్పుడే తీసిన నాలుగంగుళాల అల్యూమినియం ముక్క అంతకన్నా ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు వేడిగా ఉంటే, దాదాపు ఒక థౌ ఎక్కువ చూపిస్తుంది. సరిపోయిందని పక్కన పెట్టి, టీ తాగి వచ్చి చూస్తే తక్కువైపోయి ఉంటుంది.

ఉంగరాలు, గాజులు, గొలుసులు, చున్నీ ఏవీ లేత్ దగ్గరికి తేకూడదు. జుట్టు గట్టిగా ముడి వేయాలి. మంగళసూత్రం తీయడానికి మనసు ఒప్పుకోదని నాకు తెలుసు. అయినా ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి రండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. తిరిగే మెషిన్ దగ్గర చేతి తొడుగులు కూడా వద్దు, మెషిన్ బట్టను పట్టుకున్నట్టే తొడుగును పట్టి వేళ్లనూ లాగేసుకుంటుంది. ముక్కను పట్టి తిప్పే చక్‌ను బిగించే తాళం, అంటే చక్ కీ, మీదనుంచి చేయి తీశారంటే అది చక్‌లో ఉండకూడదు. అర్థం కానిదానికి మర్యాద కోసం తల ఊపడం మానేయండి. ఇక్కడ మళ్లీ అడిగినవాడిని ఎవరూ చిన్నచూపు చూడరు.

కోర్సులో ఉండగానే నిమ్స్ (లోహపు పని నైపుణ్యాల జాతీయ సంస్థ) ధ్రువపత్రాల పరీక్షలకు కట్టండి. షాపుల వాళ్లు గుర్తించే పేరు అది. ఇంటర్వ్యూకు మీరు చేసిన ముక్క ఒకటి, దాని డ్రాయింగు, మీరే రాసిన కొలతల పట్టిక తీసుకెళ్లండి. నాకు ఉద్యోగం ఇచ్చిన షాపులో పది నిమిషాలకు మించి మాట్లాడలేదు. ఒక షాఫ్ట్, ఒక మైక్రోమీటర్ ముందు పెట్టి కొలత చెప్పమన్నారు. నేను ముందు షాఫ్ట్‌ను గుడ్డతో తుడిచాను, మైక్రోమీటర్ దవడలు తుడిచి మూసి సున్నా చూసుకున్నాను, ఆ తరువాతే కొలిచాను. నేను అంకె చెప్పకముందే ఇంటర్వ్యూ చేస్తున్నాయన, సోమవారం ఏడింటికి రాగలరా అని అడిగారు.