ప్రసూతి సెలవు ముగించి టీమ్ లీడ్‌గా తిరిగి చేరుతున్నారా?

చేరాక సర్దుకుందాంలే అనుకోకండి. చేరే ముందు వారమే మేనేజర్‌తో కూర్చుని మాట్లాడుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు వచ్చిందని అందరికీ తెలుసు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పనివేళల్లో పిల్లలను చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చని కూడా అందులోనే ఉంది. ఇది చాలామంది అడగరు. నేనూ అడగలేదు. మూడు నెలలు ఆఫీసు బాత్‌రూమ్‌లో పాలు పిండుకుంటూ ఏడ్చాను.

ఇంకోటి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా క్యాలెండర్ బ్లాక్ చేస్తే చాలదు. ఆ రెండు గంటల్లో అర్జెంటు ఏదైనా వస్తే నిర్ణయం ఎవరిదో టీమ్‌లో ఒకరి పేరు రాసిపెట్టండి. పేరు లేకపోతే ఫోన్ మీకే వస్తుంది! నేను అప్పజెప్పిన అబ్బాయి మొదట్లో రెండు తప్పులు చేశాడు, సరిదిద్దుకున్నాం. ఇప్పుడు ఆ టైమ్‌లో ఫోన్ దాదాపు మోగదు.

ఇంట్లోనూ అదే లెక్క. పాల ప్యాకెట్లు, డైపర్లు పూర్తిగా మా ఆయన పని. నేను గుర్తు చేయను (కష్టమే, నాలుక కొరుక్కుంటాను). ఒకసారి రాత్రి పదింటికి డైపర్లు అయిపోయి మెడికల్ షాపుకి పరుగెత్తారు. మళ్లీ ఎప్పుడూ అయిపోలేదు.