పెళ్లి పనులు మీరే చేసుకుంటున్నారా? ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిదిద్దాలి

సొంతంగా పెళ్లి ఏర్పాట్లు చేసుకునే పెళ్లికూతురికి చేతకాక చెడే పనులు తక్కువ, వేళ తప్పి చెడేవే ఎక్కువ. మిగతావన్నీ వారాల ముందే చేసిపెట్టుకోవచ్చు. పూలకు ఆ వీలు లేదు కాబట్టి ముందు వాటి సంగతి.

సమస్య: గులాబీలు విచ్చుకోకముందే మెడ వాల్చేస్తున్నాయి

కారణం: కాడ కోసినచోట గాలి చేరి నీరు పైకి ఎక్కడం లేదు. బకెట్ మురికిగా ఉంటే బాక్టీరియా పెరిగి కాడలోని సన్నని నాళాలు పూడుకుపోతాయి, అప్పుడూ ఇంతే.

పరిష్కారం: కాడ చివరను నీళ్లలో ముంచి ఉంచి, అక్కడే 2–3 సెంటీమీటర్లు పదునైన కత్తితో ఏటవాలుగా కోయండి. మొద్దు కత్తెర కాడను నలిపేస్తుంది. తలలు నిటారుగా ఉండేలా పూలను కాగితంలో చుట్టి, గోరువెచ్చని నీళ్లున్న లోతైన బకెట్‌లో ఒకటి రెండు గంటలు నిలబెట్టండి. చాలావరకు తేరుకుంటాయి. తేరుకోనివాటి మీద ఇంకా సమయం పెట్టకండి.

అసలు ఆ స్థితి రాకుండా ఉండాలంటే మొగ్గలను రెండు రోజుల ముందే తెచ్చుకుని, నీటిలో మునిగే ఆకులన్నీ తుంచేసి, ఎండ తగలని చల్లని గదిలో ఒక రాత్రంతా నీళ్లు పట్టనివ్వండి. ఆ గదిలో మాగుతున్న పండ్లు మాత్రం ఉంచొద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు తగిలితే కార్నేషన్ పూల రేకులు లోపలికి ముడుచుకుపోతాయి, మళ్లీ విచ్చుకోవు.

సమస్య: ఫోమ్‌లో గుచ్చిన పూలు గంటల్లోనే వడలిపోతున్నాయి

ఫోమ్ అంటే పూలకాడలు గుచ్చడానికి వాడే, నీరు పీల్చుకునే తేలికైన దిమ్మ. తొందరపడి ఆ దిమ్మను చేత్తో నీళ్లలోకి అదిమి ఉంటారు. పైన తడిగా కనిపిస్తుంది గానీ నడుమ పొడిగానే మిగిలిపోతుంది. నీటి మీద వదిలేయండి, దానంతట అదే మునుగుతుంది. గుచ్చిన కాడను పైకి లాగి అదే రంధ్రంలో సర్దినా కింద ఖాళీ ఏర్పడి నీరు అందదు. చోటు మార్చాలంటే కొత్తగా గుచ్చాల్సిందే. ఒకసారి ఎండిపోయిన ఫోమ్ మళ్లీ సరిగా నీరు పీల్చదు.

సమస్య: అంటించిన అలంకరణ ఎండలో ఊడిపోతోంది

గ్లూ గన్ జిగురు వేడికి కరిగి అంటుకునే రకం. ఎండలో నిలిపిన కారులోనూ మళ్లీ మెత్తబడుతుంది. బరువున్నవాటిని సన్నని తీగతో కట్టి, జిగురును ఆసరాగా మాత్రమే వాడండి.

సమస్య: శుభలేఖ మడతపెట్టినచోట పగిలి తెల్లగా కనిపిస్తోంది

మందపాటి కాగితాన్ని నేరుగా మడిచేశారు. స్కేలు పెట్టి, సిరా లేని బాల్‌పెన్నుతో ముందు గీత నొక్కి, ఆ గీత మీద మడవండి. రంగు చేతికి అంటుతుంటే ప్రింటర్ సెట్టింగ్స్‌లో కాగితం రకం తప్పు ఎంచుకున్నారేమో చూడండి.

సమస్య: ఇంట్లోనే చేసుకుంటున్నా ఖర్చు, సమయం రెండూ దాటిపోతున్నాయి

కారణం: లెక్క ఊహలో వేశారు. చెడిపోయే ముక్కలు, కొనాల్సిన పనిముట్లు అందులో లేవు.

పరిష్కారం: ఒక్కటి పూర్తిగా చేసి చూడండి, గడియారం పెట్టుకుని. ఒక్కోదానికి 20 నిమిషాలు పడితే 100 చేయడానికి 33 గంటల 20 నిమిషాలు. సామగ్రి 10 శాతం ఎక్కువ వేసుకోండి. ఆ గంటలు మీ దగ్గర లేకపోతే ఆ పని వదిలేయడమే మంచిది. బల్లల మీది చిన్న చిన్న అలంకరణలు లేవని ఎవరూ గమనించరు.

సమస్య: జవాబు కార్డు వచ్చింది, ఎవరిదో తెలియదు

పెళ్లికి వస్తున్నదీ లేనిదీ రాసి పంపమని శుభలేఖతో పాటు ఇచ్చే కార్డు ఇది. అందులో పేరు రాయడం మరిచిపోయేవాళ్లు తప్పకుండా ఉంటారు. పంపే ముందే కార్డు వెనుక మూలన పెన్సిల్‌తో అతిథుల జాబితాలోని వరుస సంఖ్య వేయండి. జవాబుకు గడువు, భోజనాల లెక్క చెప్పాల్సిన తేదీకి కనీసం వారం ముందుండాలి. ఆ వారం జవాబివ్వనివాళ్లకు ఫోన్ చేయడానికే సరిపోతుంది.

సమస్య: పెళ్లిరోజు పొద్దున ప్రతి ఫోనూ మీకే వస్తోంది

అందరి దగ్గరా ఉన్నది మీ నంబరే కదా! వారం ముందే నమ్మకమైన ఒకరిని ఎంచుకుని, సామాను తెచ్చేవాళ్లందరికీ వాళ్ల నంబరే ఇవ్వండి. ఎవరు ఎన్ని గంటలకు వస్తారు, ఏ తలుపు దగ్గర దింపాలి, ఎవరికి ఎంత బాకీ ఉంది అన్నీ ఒకే కాగితం మీద రాసి, బాకీ డబ్బు విడివిడి కవర్లలో పెట్టి, పేర్లు వేసి ముందురోజే అప్పగించేయండి.