కామన్ మోర్మన్: రెక్కలను కాదు, ఒంటిని చూడాలి

స్వాలోటెయిల్ కుటుంబానికి చెందిన కామన్ మోర్మన్ దక్షిణాసియాలోనూ ఆగ్నేయాసియాలోనూ విరివిగా కనిపించే సీతాకోకచిలుకే అయినా, దాని ఆడవాటిని సరిగా గుర్తుపట్టడం అంత సులువు కాదు. మగదానితో పేచీ లేదు. నల్లని రెక్కలు, వెనుక రెక్కల మధ్యగా అడ్డంగా సాగే తెల్లమచ్చల వరుస, చివర చిన్న తోక కనిపిస్తే చాలు.

ఆడవాటిలో మాత్రం మూడు రూపాలున్నాయి. ఒకటి అచ్చం మగదానిలాగే ఉంటుంది. రెండవది వెనుక రెక్కల నడుమ తెల్లమచ్చలతో, అంచున ఎర్రమచ్చలతో కామన్ రోజ్ అనే వేరే జాతి సీతాకోకచిలుకను, మూడవది ముందు రెక్కలపై తెల్లపట్టీలతో, వెనుక రెక్కలపై ఎర్రమచ్చలతో క్రిమ్సన్ రోజ్ అనే ఇంకో జాతిని అనుకరిస్తాయి. రోజ్ జాతుల గొంగళిపురుగులు ఈశ్వరి తీగ ఆకులు తిని అందులోని విషాన్ని ఒంట్లో నిలవ చేసుకుంటాయి కాబట్టి పక్షులు వాటి జోలికి పోవు. విషం లేని మోర్మన్ ఆ వేషంతోనే ప్రాణం కాపాడుకుంటుంది. ఈ వేర్వేరు రూపాలు ఒకే జాతివని 1865లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ వివరించగా, రూపాన్ని నిర్ణయించేది డబుల్‌సెక్స్ అనే జన్యువని 2014లో తేలింది.

వేషం రెక్కల వరకే. రోజ్‌ల తలా, పొట్ట పక్కలూ, కొసా ఎర్రగా ఉంటాయి. మోర్మన్ ఒళ్లు నల్లగానే ఉంటుంది. పువ్వు మీద వాలినప్పుడు ప్రక్క నుంచి పొట్టను చూస్తే సందేహం అక్కడికక్కడే తీరుతుంది. పైనుంచి తీసిన ఫొటోలో రెక్కలు ఎంత స్పష్టంగా పడినా పొట్ట కనపడకపోతే అది నిర్ధారణకు అంతగా పనికిరాదు. ఎగిరే తీరును నమ్ముకోవడం కూడా మంచిది కాదు, ఎందుకంటే అనుకరించే ఆడది కూడా రోజ్‌లాగే తాపీగా ఎగురుతుంది. బెదిరితే మాత్రం వంకరటింకరగా దూసుకుపోతుంది.

ఇక వెతకడం సంగతి. సీతాకోకచిలుక వెంట పరుగెత్తడం కన్నా అది గుడ్లు పెట్టే చెట్టు దగ్గర కాచుకోవడం మేలు. కరివేపాకు, నిమ్మ, మారేడు మొక్కల చుట్టూ తారట్లాడుతూ లేత ఆకులను కాళ్లతో తడిమి చూస్తున్న నల్ల సీతాకోకచిలుక కనిపిస్తే, అది గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడది అయ్యుండవచ్చు. అది వెళ్లాక చిగుళ్లను పరిశీలిస్తే, లేత పసుపు రంగులో నున్నగా, గుండ్రంగా ఉన్న గుడ్లు ఒక్కొక్కటిగా అంటుకుని ఉంటాయి. చిన్న గొంగళిపురుగులు పక్షి రెట్టలాగా కనిపిస్తాయి. చివరి దశలో ఆకుపచ్చగా మారతాయి. మెల్లగా తాకితే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ముల జంట ఘాటైన వాసనతో బయటికి వస్తుంది. అయితే ఇవే మొక్కలపై లైమ్ బటర్‌ఫ్లై కూడా గుడ్లు పెడుతుంది, దాని చిన్న పురుగులూ రెట్టలాగే ఉంటాయి. కాబట్టి పురుగును మాత్రమే చూసి జాతి పేరు రాసుకోకుండా, వీలైతే ప్యూపా నుంచి సీతాకోకచిలుక బయటపడేదాకా ఆగాలి. లైమ్ బటర్‌ఫ్లైకి తోక ఉండదు, రెక్కల నిండా లేత పసుపు మచ్చలుంటాయి.

వానాకాలంలోనూ ఆ తర్వాతి నెలల్లోనూ ఇవి ఎక్కువగా తిరుగుతాయి. మగవాటి కోసమైతే ఎండ కాసే వేళ తడి ఇసుక, బురద అంచులు చూడాలి. లవణాల కోసం అవి అక్కడ వాలతాయి.