కొండదారి నడక – 4వ పాఠం: తలనొప్పి వస్తే ఆ సాయంత్రమే చెప్పాలి

మొదటి మూడు పాఠాల్లో బూట్లు ఎంచుకోవడం, సంచి సర్దుకోవడం, ఊళ్ళో ఉండగానే కాళ్ళు గట్టి చేసుకోవడం చూశాం. పోయిన పాఠంలో చెప్పినట్టు వీపు మీద ఏడెనిమిది కిలోలు వేసుకుని అలిపిరి మెట్లో, సింహాచలం మెట్లో, కనీసం మీ అపార్ట్‌మెంట్ మెట్లో ఎక్కి దిగుతూ ఉంటే కాళ్ళ వరకు మీరు సిద్ధమే. ఇవాళ నేర్చుకునేది ఆ మెట్లు నేర్పలేని సంగతి: ఎత్తుకు వెళ్ళినప్పుడు వచ్చే ఎత్తు జబ్బును ముందే కనిపెట్టడం.

మనం తీసుకున్న దారి లద్దాఖ్‌లోని మార్ఖా లోయ. హెమిస్ నేషనల్ పార్క్ లోపల, మంచు చిరుతలు తిరిగే కొండల మధ్య ఆరేడు రోజుల నడక. ఆరుగురు నడిచేవాళ్ళు, ఒక గైడ్, ఆయనకు సాయంగా ఒక కుర్రాడు, వంటాయన, సామాన్లు మోసే గుర్రాలు, వాటి యజమాని. చిన్న గుంపు అంటే ఇంతే. కొన్ని పల్లెల్ని వదిలేస్తే చాలా చోట్ల ఫోన్ పలకదు. ఆసుపత్రి అంటే మళ్ళీ లేహ్‌కే రావాలి.

గాలి సంగతి

లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంటుంది. పొద్దున ఇంట్లో కాఫీ తాగి విమానం ఎక్కి, ఢిల్లీలో మారి దిగితే, ఒంటికి కబురైనా చెప్పకుండా మూడు కిలోమీటర్లు పైకి తీసుకుపోయినట్టు. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. అందుకని లేహ్‌లో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రం ఒడ్డున అందేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. మన దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ కోంగ్‌మారు లా, సుమారు 5,200 మీటర్లు. అక్కడ సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఈ లోటుకు ఒళ్ళు తనంతట తనే సర్దుకుంటుంది. శ్వాస వేగం పెరుగుతుంది, మూత్రం ఎక్కువగా పోతుంది, రక్తం మెల్లగా మారుతుంది. దీనికి రోజులు పడతాయి. తొందరపెట్టినా జరగదు. అలిపిరి 3,550 మెట్లు రెండు గంటల్లో ఎక్కేసే కుర్రాడికీ, మోకాళ్ళు పట్టుకుని నాలుగు గంటలు ఎక్కే పెద్దాయనకూ ఈ విషయంలో తేడా లేదు. నిజానికి కుర్రాడికే ప్రమాదం ఎక్కువని నేను అనుకుంటాను. కాళ్ళలో సత్తా ఉంది కాబట్టి ఒళ్ళు సిద్ధం కాకముందే పైకి చేరిపోతాడు.

పడుకునే ఎత్తు లెక్క

పగలు ఎంత ఎత్తుకు వెళ్ళారన్న దానికన్నా రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక, ఇవాళ పడుకునే చోటు నిన్నటి చోటు కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఒక రోజు ఆగాలి. పర్వత వైద్యం తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఇదే.

ఒక కాగితం తీసుకుని మన దారికి ఈ లెక్క వేసి చూడండి. అంకెలన్నీ సుమారుగా ఇస్తున్నాను. లేహ్ 3,500. దిగిన రోజు మంచం దిగొద్దు, కనీసం రెండు రోజులు ఊళ్ళోనే ఉండండి. తర్వాత స్కియు 3,400, మార్ఖా ఊరు 3,700, హంకర్ 4,000, తచుంగ్‌త్సే 4,200, నిమాలింగ్ 4,800. అక్కడి నుంచి తెల్లవారుజామున కనుమ ఎక్కి అవతలికి దిగిపోతాం.

ఎక్కడ తేడా కొట్టిందో కనిపించిందా? తచుంగ్‌త్సే నుంచి నిమాలింగ్‌కు ఒక్క రాత్రిలో 600 మీటర్లు. రోజులు మిగుల్చుకోవడానికి కొందరు మార్ఖా నుంచి హంకర్ దాటుకుని ఒకే రోజులో తచుంగ్‌త్సే చేరి, మర్నాడే నిమాలింగ్‌లో పడుకుంటారు. అంటే రెండు రాత్రుల్లో 1,100 మీటర్లు. ఎవరైనా మీకు ప్లాన్ పంపితే ఫోటోలు తర్వాత చూడొచ్చు. ముందు రాత్రుళ్ళ ఎత్తులు అడిగి ఇలా వరసగా రాసుకోండి. తచుంగ్‌త్సేలో రెండో రాత్రి ఉందా అని అడగండి. ఆ ఒక్క రాత్రికి అయ్యే ఖర్చు దండగ కాదు.

ఆగి వేసే అడుగు

ఇప్పుడు నడక. ఎక్కేటప్పుడు పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే.

దీనికి ఒక అడుగు ఉంది, మెట్ల మీద ఇవాళే మొదలుపెట్టండి. కుడికాలు పై మెట్టు మీద పెట్టండి, బరువు మాత్రం ఇంకా దాని మీద వేయకండి. కింద ఉన్న ఎడమకాలి మోకాలు నిటారుగా చాచండి. ఇప్పుడు ఒంటి బరువు ఎముక మీద నిలబడుతుంది, తొడ కండరానికి ఒక్క క్షణం విశ్రాంతి దొరుకుతుంది. ఆ క్షణంలో ఊపిరి లోపలికి తీసుకోండి. ఊపిరి వదులుతూ బరువు ముందు కాలి మీదకు మార్చి లేవండి. మళ్ళీ ఎడమకాలు పైన, కుడి మోకాలు నిటారు. మొదటి రోజు కాళ్ళు చిరాకు పడతాయి, వందో మెట్టు దగ్గర అలవాటవుతుంది. కోంగ్‌మారు లా ఎక్కే రెండు మూడు గంటలూ మా గైడ్ ఇదే అడుగుతో నడిచాడు, మధ్యలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

సాయంత్రం నాలుగు ప్రశ్నలు

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. మొదటిసారి నిమాలింగ్ వెళ్ళినప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను.

తచుంగ్‌త్సే చేరిన సాయంత్రం కణతల దగ్గర నొప్పి మొదలైంది. ఎండ దెబ్బేమో అనుకున్నాను. అన్నాలప్పుడు గైడ్ వంటింటి టెంట్‌లో అందరినీ వరసగా అడిగాడు. ఆయన్ని మేం లద్దాఖీలో ఆచో-లే అనేవాళ్ళం, అన్నగారూ అన్నట్టు. నా వంతు వచ్చేసరికి “బానే ఉంది” అన్నాను. నా వల్ల అందరి రోజూ పోతుందేమో అన్న టెన్షన్ ఒకవైపు. ఆరుగురిలో నేనే ముందు పడిపోయానన్న మాట వస్తుందేమో అన్న భయం ఇంకోవైపు.

మర్నాడు నిమాలింగ్ చేరాను. కళ్ళెదుట కాంగ్ యాత్సే మంచు శిఖరం, మైదానం నిండా మేసే గొర్రెలు, బొరియల దగ్గర ఈల వేసే మార్మోట్లు. వాటిని చూస్తూ కూడా చూడలేకపోయాను. కిచిడీ ప్లేటు ముందు పెడితే వాసనకే కడుపులో తిప్పింది. రాత్రి రెండుసార్లు వాంతి అయింది. నాతో టెంట్‌లో ఉన్నది రాజమండ్రి నుంచి వచ్చిన టీచరమ్మ, అందరికీ అక్క. ఆమే లేచి వెళ్ళి ఆచో-లేని పిలుచుకొచ్చింది.

ఆయన నన్ను మందలించలేదు. టెంట్ బయట గడ్డి మీద తాడు ఒకటి పరిచి, టార్చి వేసి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు తగిలేలా దాని మీద నడవమన్నాడు. పది అడుగులు. తూలకుండా నడిచాను. తూలి ఉంటే ఆ చీకట్లోనే కిందికి దింపేవాణ్ణని తర్వాత చెప్పాడు. తెల్లారగానే సాయం కుర్రాణ్ణి నాకు తోడిచ్చి తచుంగ్‌త్సేకు పంపాడు. 600 మీటర్లు దిగేసరికి తలనొప్పి సగానికి సగం తగ్గింది, మధ్యాహ్నానికి అన్నం సయించింది. కానీ పైన గైడ్ ఒక్కడే మిగిలాడు. కనుమ మీద ఇంకెవరికైనా బాగోలేకపోతే దింపడానికి రెండో మనిషి లేడు. ఆ సంగతి తెలిసి కూడా మిగతా ఐదుగురూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్క సాయంత్రం ముందు నోరు విప్పి ఉంటే అందరం తచుంగ్‌త్సేలో ఒక రోజు ఆగేవాళ్ళం, అందరం కలిసే కనుమ దాటేవాళ్ళం.

అందుకే “ఎలా ఉంది?”, “బానే ఉంది” పద్ధతి మానేసి అంకెల్లో చెప్పడం నేర్చుకోండి. నాలుగు ప్రశ్నలు: తలనొప్పి ఉందా? ఆకలి తగ్గిందా, వికారమా, వాంతా? నీరసం ఉందా? తల తిరుగుతోందా? ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కు వేసుకోవాలి. ఏమీ లేకపోతే 0, కొంచెం ఉంటే 1, బాగా ఉంటే 2, భరించలేనంత ఉంటే 3. ఎత్తు ఎక్కాక తలనొప్పి ఉండి మొత్తం 3గానీ ఆపైనగానీ వస్తే దాన్ని ఎత్తు జబ్బు కిందే లెక్క వేసుకోవాలి. దీన్ని లేక్ లూయీస్ స్కోరు అంటారు. ముందు దీంట్లో నిద్ర గురించి కూడా ఒక ప్రశ్న ఉండేది, 2018లో తీసేశారు. ఎత్తులో నిద్ర సరిగా పట్టకపోవడం జబ్బు లేనివాళ్ళకూ ఉంటుంది కదా. పక్కన పడుకున్న మనిషి శ్వాస కొన్ని క్షణాలు ఆగిపోయి, మళ్ళీ గబగబా మొదలవడం వింటే భయం వేస్తుంది. ఆ ఎత్తులో అది మామూలే, కంగారుపడకండి.

అంకె తెలిశాక ఏం చేయాలి

మొత్తం 3 నుంచి 5 అయితే ఆ రోజుకు పైకి వెళ్ళడం ఆపండి. ఉన్న చోటే విశ్రాంతి, నీళ్ళు, తలనొప్పికి పారాసెటమాల్. తగ్గితేనే ముందుకు. పెరిగినా, ఒక రోజు గడిచినా తగ్గకపోయినా కిందికి.

రెండు సందర్భాల్లో అంకెలు వేసుకుంటూ కూర్చోకూడదు. మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా మెదడులో వాపు వస్తోందన్నమాట. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గు, నురగ కళ్ళె పడుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. గైడ్ దగ్గర ఆక్సిజన్, మందులు ఉంటే ఇస్తాడు, కానీ అవి దింపేలోపు ఊతం కోసమే. అసలు వైద్యం దిగడమే. రాత్రి ఎంతైనా సరే, ఆ మనిషిని ఒంటరిగా మాత్రం పంపకూడదు.

డయామాక్స్ మాత్రల గురించి చాలామంది అడుగుతారు. ఒళ్ళు త్వరగా సర్దుకోవడానికి అది సాయపడుతుంది. పెద్దవాళ్ళకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఎవరైనా సరే డాక్టర్‌ని అడక్కుండా వాడకండి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రానికి ఎక్కువసార్లు వెళ్ళాల్సి వస్తుంది, వాటికి భయపడకండి. ఇది వేసుకున్నాం కదా అని పడుకునే ఎత్తు లెక్క తప్పకూడదు. మద్యం, నిద్రమాత్రలు అసలు వద్దు. నీళ్ళు రోజుకు మూడు నాలుగు లీటర్లు చాలు, ఒక లీటరులో ఓఆర్ఎస్ కలుపుకోండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ తెచ్చుకుంటే తెచ్చుకోండి, కానీ దాని అంకె బాగుందని తలనొప్పిని పక్కన పెట్టకండి.

ఈ వారం అభ్యాసం

రోజూ 20 నిమిషాలు ఆగి వేసే అడుగుతో మెట్లు ఎక్కండి. రాత్రి భోజనాలప్పుడు ఇంట్లో వాళ్ళందరితో నాలుగు ప్రశ్నలకు మార్కులు చెప్పించండి, మీవి మీరు పైకే చెప్పండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, పదిమందిలో “నాకు రెండు” అని అనడం నోటికి అలవాటు కావాలి. 4,200 మీటర్ల దగ్గర ఆ మాట కొత్తగా నేర్చుకోలేం. మీ గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారెవరో ఇప్పుడే కనుక్కుని, నడకలో వాళ్ళని ముందు ఉంచుతారా అని గైడ్‌ని అడగండి.

వచ్చే పాఠంలో మార్ఖా నది దాటడం. మధ్యాహ్నానికి పైన మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, కాబట్టి పొద్దున్నే దాటాలి, అదీ బూట్లు విప్పి. వెనక పట్టీ ఉన్న పాత శాండల్స్ ఒక జత వెతికి పెట్టుకోండి.