నటుడి సురిమోనోను ఎలా చూడాలి

సురిమోనో అంటే పద్యాలతో కలిపి చెక్క అచ్చులతో వేసిన జపాన్ బొమ్మ. కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకంలోని నటుడి సురిమోనో ముందుంటే నేను ముందుగా ముఖం చూడను. చేతులు కడిగి, తుడుచుకుని, కాగితాన్ని అంచుల దగ్గర పట్టుకుని కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా కాస్త వాలుస్తాను. మీరూ అలాగే చెయ్యండి. ఎదురుగా చూస్తే ఉత్త తెలుపుగా కనిపించిన కిమోనోలో నేత గీతలు పైకి లేస్తాయి. రంగు పూయని చెక్క అచ్చు మీద తడి కాగితాన్ని అదిమి తెచ్చిన ఉబ్బు అది. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు. కత్తి ఒర మీద ఇత్తడి పొడి కూడా అప్పుడే మెరుస్తుంది.

తర్వాత నటుడి వంశ చిహ్నం వెతకండి. ఒకదానిలో ఒకటి మూడు చతురస్రాలుంటే ఇచికావా దంజూరో వంశం. మన సోల, తవ్వ, మానికల్లా ఒకదానిలో ఒకటి ఇమిడే బియ్యం కొలతలవి. ఏడో దంజూరో (1791–1859) బొమ్మలను చిత్రకారుడు కునిసదా చాలా గీశాడు.

ఇక బొమ్మ మీది పద్యాలు. కవుల బృందాలు తమ పద్యాలతో, సొంత డబ్బుతో, ఎక్కువగా కొత్త సంవత్సరానికి, అచ్చు వేయించి పంచుకున్నవివి. అమ్మకానివి కావు కాబట్టి, అప్పట్లో అమ్మే బొమ్మల మీద వేసే సెన్సారు ముద్ర వీటి మీద సాధారణంగా ఉండదు. కానీ ముద్ర లేదని అసలుదే అనుకోకండి: 1890ల్లో నకళ్లు బాగా వచ్చాయి. కొనేముందు మ్యూజియం ప్రతితో గీత గీతా పోల్చండి.