మనసు పటం – 3వ పాఠం: టెన్షన్ ఏ గడిలో ఉంటుంది?

పోయిన పాఠంలో మనస్తత్వశాస్త్రవేత్త పాల్ ఎక్మన్ చెప్పిన ఆరు మూల భావాలు చూశాం: సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం. మూడు రోజుల పాటు మీకు ఏమనిపించినా ఆ ఆరింటిలో ఏదో ఒకదాని కింద రాసి చూడమన్నాను. రాసినవాళ్ళకి ఒక చిక్కు తగిలే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి కమ్ముకొచ్చే నీరసాన్ని ఏ పేరు కింద రాయాలి? పిల్లాణ్ణి హాస్టల్లో దింపి వచ్చాక ఇంట్లో ఏమీ తోచకపోవడం ఉత్త దుఃఖమేనా? నేనూ రాశాను. నా నోట్‌బుక్‌లో అన్నిటికన్నా ఎక్కువసార్లు పడిన మాట ఆ ఆరింటిలో లేనే లేదు. అది టెన్షన్.

బ్యాంకులో క్యూ కదలకపోతే టెన్షన్ అంటాం. అమ్మాయి రిజల్ట్స్ వచ్చే రోజు టెన్షన్. మేనేజరు ఒకసారి రమ్మన్నాడంటే టెన్షన్. మగపెళ్ళివారి బస్సు ఊళ్ళోకి వచ్చేసిందన్నా టెన్షనే. మొదటిది చిరాకు, రెండోది ఆదుర్దా, మూడోది భయం, నాలుగోదాంట్లో సగానికి పైగా సంబరం. అన్నిటికీ ఒకటే పేరు పెట్టేస్తే దేనికి ఏం చెయ్యాలో తెలియదు. అందుకే ఈ పాఠంలో పేరుని కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ భావం ఎక్కడుందో పట్టుకోవడం నేర్చుకుందాం.

ఈ ఆలోచన పాతదే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1879లో మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల పెట్టిన విల్‌హెల్మ్ వుంట్, 1896 నాటికే భావాలకి మూడు కొలతలు చెప్పాడు: హాయా బాధా, ఉద్రేకమా శాంతమా, బిగువా సడలింపా. దాన్ని మనం వాడుకోగలిగేంత తేలిక పటంగా చేసినవాడు జేమ్స్ రస్సెల్. అప్పట్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఈ మనస్తత్వశాస్త్రవేత్త, 1980లో 28 ఇంగ్లీషు మాటలు తీసుకుని, ఏది దేనికి దగ్గరో మనుషుల చేత పోల్పించి చూశాడు. మాటలు ఎవరి పెట్టెలో వాళ్ళన్నట్టు విడివిడిగా పడలేదు, గుండ్రంగా ఒక వలయంలా సర్దుకున్నాయి. ఆ వలయం మధ్యగా రెండు గీతలు. అడ్డగీతకి ఎడమ కొసన బాధ, కుడి కొసన హాయి. నిలువుగీతకి అడుగున మత్తు, పైన ఉద్రేకం. ఆందోళనకి ఎదురుగా ప్రశాంతత, హుషారుకి ఎదురుగా దిగులు పడ్డాయి. ఇది చూశాకే నాకు ఆ పటం మీద గురి కుదిరింది.

1989లో రస్సెల్, మరో ఇద్దరు కలిసి దీన్ని గడుల కాగితంగా మార్చారు. అడ్డంగా 9, నిలువుగా 9, మొత్తం 81 గడులు. ఇప్పుడు ఎలా ఉందో ఒక్క గడిలో ఇంటూ మార్కు పెడితే చాలు. లెక్కల నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి గీసుకోండి. అడ్డం అంకె ముందు, నిలువు అంకె తరవాత. నట్టనడిమి గడి 5–5. అంటే హాయీ లేదు, బాధా లేదు, మామూలు మెలకువ.

నిలువు అంకె కోసం మనసుని అడక్కండి, ఒంటిని చూడండి. గుండె ఎలా కొట్టుకుంటోంది? అరచేతులు తడిగా ఉన్నాయా? దవడ బిగిసి ఉందా? మాట తొందరగా వస్తోందా? కళ్ళు మూతలు పడుతుంటే 1 లేదా 2. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతే 8. అడ్డం అంకెకి నేను వాడే ప్రశ్న ఒకటుంది: ఇప్పుడున్నట్టే ఇంకో గంట ఉండమంటే ఉంటానా? ‘అమ్మో వద్దు’ అనిపిస్తే 1, 2. ‘ఉంటే ఏం పోయింది’ అనిపిస్తే 5. ‘ఎంతసేపైనా సరే’ అనిపిస్తే 8, 9.

మొదట్లో చాలామంది పొరబడేది ఒకచోటే. గుండె దడదడలాడుతోంది కాబట్టి ఇది చెడ్డదే అనుకుని ఎడమ వైపుకి వెళ్ళిపోతారు. బస్సు దిగుతున్న పెళ్ళివారికి ఎదురెళ్ళే ఆడపిల్ల తల్లిని చూడండి. కొంగు సర్దుకునే తీరిక కూడా లేదు, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆమె గడి 7–9. ఒక అంకెని చూసి రెండో అంకె ఊహించకండి. దేనికదే చూడాలి.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లోంచి ఒక రాత్రి. 2:10కి ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఊళ్ళో ఉన్న నాన్న నంబరు. చూడగానే 2–8. తిరిగి చేస్తే ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. అప్పటికి 1–9, వేళ్ళు వణికి స్క్రీన్ మీద పేరు కూడా సరిగ్గా నొక్కలేకపోయాను. మూడోసారికి నిద్రమత్తులో నాన్న గొంతు: “ఏరా, ఈ టైములో చేశావేంటి?” దిండు పక్కన పెట్టుకున్న ఫోన్ నిద్రలో నొక్కుకుపోయిందట. ఆ క్షణం 8–7. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి 7–4. ఇంకో పావుగంటకి, నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతూ 4–6. లేచి లైటు వేసి అప్పుడే రాసుకున్నాను. పొద్దున ఎవరైనా అడిగితే ‘రాత్రంతా టెన్షన్’ అనేసేవాణ్ణి. కాగితం మీద మాత్రం ఐదు చోట్లున్నాయి: గుండె ఝల్లుమనడం, హడల్, ఊరట, నెమ్మది, చిరాకు.

గడి దొరికాక మాట వెతకాలి. ఇక్కడ మన భాష చాలా సాయం చేస్తుంది. కంగారు నాకు 3–8 దగ్గర ఉంటుంది, కాళ్ళూ చేతులూ ఆడవు. ఆదుర్దా 3–7, ఏదో కబురు కోసం చూపు గుమ్మం మీదే ఉంటుంది. గుబులు 3–6, లోపల్లోపలే ఉంటుంది, ఎదుటివాళ్ళకి కనపడదు. బెంగ, దిగులు రెండూ 2–3 చుట్టూ పడతాయి. కానీ బెంగకి ఒక మనిషో, ఒక చోటో ఉంటుంది. దిగులు ఏ కారణమూ లేకుండా కూడా కూర్చుంటుంది. పిల్లాణ్ణి హాస్టల్లో దింపి వచ్చిన ఇంట్లో ఉన్నది బెంగ. మధ్యాహ్నం నీరసం 4–2. ఇవి నా అంకెలు, మీవి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

ఇంత వివరంగా పేర్లు పెట్టుకుంటే ఉపయోగం ఉందా? మనస్తత్వశాస్త్రవేత్త లిసా ఫెల్డ్‌మన్ బారెట్, ఆమె సహచరులు 2001లో అచ్చువేసిన పరిశీలనలో, బాధ కలిగించే భావాల మధ్య తేడా బాగా పట్టగలిగినవాళ్ళు వాటిని సంభాళించుకునే ప్రయత్నం కూడా ఎక్కువ చేస్తున్నారని తేలింది. నాకు ఇది సబబుగానే తోస్తుంది. చిరాకు అని తెలిస్తే క్యూలోంచి బయటికి వస్తాం, బెంగ అని తెలిస్తే ఫోన్ చేస్తాం.

ఈ పటానికి పెద్ద లోటు ఒకటుంది. భయం, కోపం దాదాపు ఒకే గడిలో పడతాయి. రెండూ బాధే, రెండూ ఉద్రేకమే. పారిపోవాలనిపించడం, మీద పడాలనిపించడం ఒకటెలా అవుతాయి? రస్సెల్ అంతకుముందే 1974లో ఆల్బర్ట్ మెహ్రాబియన్‌తో కలిసి మూడో కొలత ఒకటి చెప్పాడు: ఆధిపత్యం. మన మాటల్లో పైచేయి. మేనేజరు గదిలో నిలబడ్డప్పుడు పైచేయి అవతలివాళ్ళది, కాబట్టి అది భయం. బయటికొచ్చి క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకుని స్నేహితుడికి అదే సంగతి చెబుతుంటే కోపం. గడి 2–8 నుంచి కదల్లేదు, పైచేయి మారింది. అందుకని ఎడమవైపు పైమూలలో ఇంటూ పడితే పక్కన ‘నాది’ అనో ‘వాళ్ళది’ అనో ఒక మాట రాయండి.

ఈ వారం అభ్యాసం. రోజుకి ఐదుసార్లు, ఫోన్‌లో వేళాపాళా లేని టైములకి అలారం పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు గుర్తు చేసుకుని రాస్తే పొద్దుటి చిరాకు మాసిపోయి ఉంటుంది. 1970లలో చికాగోలో మనస్తత్వశాస్త్రవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ బృందం మనుషులకి పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఎలా ఉందో రాయించింది ఇందుకే. అలారం మోగగానే ఒంటిని చూసి నిలువు అంకె, గంట ప్రశ్న వేసుకుని అడ్డం అంకె, అవసరమైతే పైచేయి, అన్నిటికన్నా చివర మాట. నోటితో టెన్షన్ అని ఎన్నిసార్లన్నా పరవాలేదు, నోట్‌బుక్‌లో మాత్రం ఈ ఏడు రోజులూ ఆ మాట రాయకండి.

ఒక్క జాగ్రత్త. రెండు వారాల పాటు ఇంటూలన్నీ ఎడమ అడుగు మూలనే పడుతుంటే అది పాఠంతో తీరే సంగతి కాదు. డాక్టర్ని కలవండి. భారత్‌లో ఉన్నవాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

వారం ముగిశాక 35 ఇంటూలనీ ఒకే పేజీ మీదకి ఎక్కించి, ఎక్కడ గుంపు కట్టాయో చుట్టూ పెన్సిలుతో గీయండి. వచ్చే పాఠంలో రాబర్ట్ ప్లుచిక్ ఎనిమిది భావాల చక్రం మొదలుపెడతాం. ఆ పేజీ, రంగు పెన్సిళ్ళు దగ్గర పెట్టుకోండి.