చిన్న పిట్టకి ఎక్స్‌రే: ఫిల్మా, డిజిటలా?

కాకటీల్ లాంటి పిట్టతో అసలు తలనొప్పి దాని ఊపిరే, ఆగదు కదా, అందుకే ఎక్స్‌పోజర్ టైమ్ బాగా తగ్గించి ఎంఏ (ట్యూబ్‌లో కరెంట్, అంటే కిరణాల మోతాదు) పెంచండి, కేవీపీ (ట్యూబ్ వోల్టేజ్, అంటే కిరణాలు చొచ్చుకుపోయే శక్తి) తక్కువే ఉంచండి. వెల్లకిలా పడుకోబెట్టాక రొమ్ము ఎముక, వెన్నెముక ఒకే గీత మీద పడాలి, లేదంటే ఆ ఫొటో వేస్ట్. రెక్కలు పేపర్ టేప్‌తో అంటించండి, రొమ్ము మీద మాత్రం అస్సలు నొక్కొద్దు, ఊపిరాడదు.

డిజిటల్ అయితే వెంటనే చూసుకుని, వంకరొస్తే పిట్టకి మత్తు దిగేలోపే ఇంకోటి తీసేయొచ్చు. అలాగని ఎక్స్‌రే డోస్ పెంచుకుంటూ పోకండి, ఎక్కువైనా ఇమేజ్ బాగానే వస్తుంది కాబట్టి మీకు తెలీను కూడా తెలీదు! సన్నటి వేళ్ల ఎముకలకి నా ఓటు ఇప్పటికీ మామోగ్రఫీ ఫిల్మ్‌కే (ఆడవాళ్ల రొమ్ము ఎక్స్‌రేకి వాడే, సన్నటి వివరాలు చూపే ఫిల్మ్), కడిగే ఓపిక ఉంటే.

తాబేలైతే మూడు వ్యూలు (పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి), దాన్ని పక్కకి దొర్లించకుండా ఎక్స్‌రే ట్యూబ్‌నే అడ్డంగా తిప్పండి, దొర్లిస్తే లోపలి అవయవాలు ఊపిరితిత్తుల మీదకి జారతాయి.